నెట్ పోతే గేమ్ కూడా ఆగిపోవాలా? కన్సోల్‌కి ఇంటర్నెట్ తప్పనిసరి అంటే అసలు కథ ఇదీ..

ఆదివారం మధ్యాహ్నం. వీధి చివర రోడ్డు తవ్వుతూ ఎవరో ఫైబర్ కేబుల్ తెంపేశారు. రూటర్ మీద ఎర్ర లైట్. యూట్యూబ్ రాదు, ఓటీటీ రాదు. సరే, కనీసం గేమ్ ఆడుకుందాం అని కన్సోల్ ఆన్ చేశారు. డిస్క్ మీరు కొన్నదే. కన్సోల్ మీదే, టీవీ మీదే. ఆడేది కూడా మీరొక్కరే.. అవతల ఇంకో ప్లేయర్ ఎవరూ లేరు. అయినా సరే, 'ముందు ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వండి' అని స్క్రీన్ మీద మెసేజ్ వస్తే?

ఇది ఊరికే అనుకుంటున్న మాట కాదు. 2013లో మైక్రోసాఫ్ట్ దాదాపు ఇదే రూల్‌తో ఎక్స్‌బాక్స్ వన్‌ని మార్కెట్లోకి తేబోయింది. గేమర్లు తిరగబడటంతో రెండు వారాల్లోనే వెనక్కి తగ్గింది. కానీ ఆ ఆలోచన మాత్రం పోలేదు. పెద్ద గేటు మూసేసరికి చిన్న చిన్న కిటికీల్లోంచి ఇళ్లలోకి వస్తూనే ఉంది. కొత్తగా పీఎస్5 గానీ, ఎక్స్‌బాక్స్ గానీ కొనాలనుకుంటున్న వాళ్లు ఈ కథ ఒకసారి తెలుసుకోవాల్సిందే.

రోజుకోసారి హాజరు వేయించుకోవాలి!

2013 మే 21న ఎక్స్‌బాక్స్ వన్‌ని మైక్రోసాఫ్ట్ తొలిసారి చూపించింది. ఇంటర్నెట్ విషయంలో అప్పుడు అంతా గందరగోళమే. జూన్ 6న రూల్స్ రాతపూర్వకంగా బయటపెట్టింది. వాటి ప్రకారం కన్సోల్ ప్రతి 24 గంటలకు ఒకసారి కంపెనీ సర్వర్‌తో మాట్లాడాలి. మీ అకౌంట్‌తో ఫ్రెండ్ ఇంట్లో కన్సోల్‌లో ఆడుతుంటే గంటకోసారి. ఆ టైమ్ దాటిందా.. గేమ్స్ ఆగిపోతాయి. టీవీ చూడొచ్చు, బ్లూ-రే సినిమా వేసుకోవచ్చు. గేమ్ మాత్రం కుదరదు.

అంటే సెకను కూడా తెగకుండా నెట్ ఉండాలని కాదు. స్కూల్లో హాజరు లాంటిది. రోజుకోసారి 'ఉన్నాను సార్' అంటే చాలు. అయితే హాజరు వేయించుకోవాల్సింది డబ్బు తీసుకున్నవాడు కాదు, డబ్బు కట్టినవాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

అసలు ఆ 24 గంటలు ఎందుకు?

మైక్రోసాఫ్ట్‌కి పిచ్చి పట్టి ఈ రూల్ పెట్టలేదు. దాని వెనక ఒక లెక్క ఉంది.

అప్పటిదాకా కన్సోల్ గేమ్ అంటే డిస్కే. డిస్క్ లోపల ఉంటేనే గేమ్ నడుస్తుంది. అదే తాళంచెవి. అందుకే ఒక డిస్క్‌ని ఒకే టైమ్‌లో రెండు ఇళ్లలో ఆడటం కుదరదు. ఫ్రెండ్‌కి ఇస్తే మీ దగ్గర ఉండదు, తిరిగిస్తే వాడి దగ్గర ఉండదు. ఇంకెవరూ కాపలా ఉండక్కర్లేదు.

ఎక్స్‌బాక్స్ వన్‌లో ఈ పద్ధతి మార్చాలనుకున్నారు. డిస్క్‌ని ఒకసారి కన్సోల్‌లో పెడితే గేమ్ మొత్తం హార్డ్ డ్రైవ్‌లోకి ఎక్కిపోతుంది, మీ అకౌంట్‌కి ముడిపడిపోతుంది. ఆ తర్వాత డిస్క్ అక్కర్లేదు. ఏ కన్సోల్‌లో లాగిన్ అయినా మీ గేమ్స్ అన్నీ అక్కడ ప్రత్యక్షం. వినడానికి బాగానే ఉంది. మరి గేమ్ ఎక్కించుకున్నాక ఆ డిస్క్‌ని సగం ధరకి ఎవరికైనా అమ్మేస్తే? అమ్మినవాడూ ఆడతాడు, కొన్నవాడూ ఆడతాడు. ఒకే డిస్క్, రెండిళ్లలో గేమ్!

దీన్ని ఆపాలంటే 'ఈ గేమ్ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది?' అని ఎవరో ఒకరు లెక్క చూస్తుండాలి. ఆ ఎవరో ఒకరే సర్వర్. 24 గంటల చెక్ అందుకే. డిస్క్ చేసే కాపలా పని డిస్క్ నుంచి తీసేసి కంపెనీ చేతికిచ్చారన్నమాట.

దాంతో సెకండ్ హ్యాండ్ వ్యాపారం కూడా వాళ్ల చేతికే వెళ్లింది. పాత గేమ్ అమ్మాలంటే కంపెనీ ఒప్పుకున్న షాపులోనే అమ్మాలి, అదీ గేమ్ తయారు చేసినవాళ్లు సరే అంటేనే. ఫ్రెండ్‌కి ఉచితంగా ఇవ్వాలన్నా షరతే. ఆ ఫ్రెండ్ కనీసం 30 రోజులుగా మీ ఎక్స్‌బాక్స్ ఫ్రెండ్స్ లిస్టులో ఉండాలి. ఒక్కో గేమ్‌ని ఒక్కసారే ఇవ్వగలరు. పక్కింటి కుర్రాడికి డిస్క్ ఇవ్వడానికి నెల రోజుల నిరీక్షణ!

మన దగ్గర వేలు పెట్టి గేమ్ కొన్నవాళ్లలో చాలామంది అది పూర్తవగానే అమ్మి, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి ఇంకోటి కొంటారు. ఆ చక్రం ఆగితే ఎంతమంది కన్సోల్ గేమింగ్‌లో మిగిలేవాళ్లో ఆలోచించండి.

ఒక్క ముక్కలో దెబ్బకొట్టిన సోనీ

2013 జూన్ 10. లాస్ ఏంజెలెస్‌లో ఈ3 షో. సోనీ తరఫున జాక్ ట్రెటన్ స్టేజ్ ఎక్కారు. పీఎస్4లో పాత గేమ్స్ అమ్ముకోవచ్చు, అప్పిచ్చుకోవచ్చు, ఎప్పటికీ దాచుకోవచ్చు, ఆన్‌లైన్ చెక్ ఏమీ ఉండదు అని చెప్పారు. హాలు దద్దరిల్లిపోయింది. పైగా ఎక్స్‌బాక్స్ వన్ 499 డాలర్లయితే పీఎస్4 ధర 399 డాలర్లు.

అంతటితో ఆగలేదు. పీఎస్4లో ఫ్రెండ్‌కి గేమ్ ఎలా ఇవ్వాలో చూపించే 'ట్రైనింగ్ వీడియో' ఒకటి వదిలారు. అర నిమిషం కూడా లేదది. సోనీ బాస్‌లలో ఒకరైన షుహెయ్ యోషిదా గేమ్ బాక్స్ పట్టుకుని పక్కనున్న మనిషి చేతికిస్తారు. ఆయన థాంక్స్ అంటారు. అంతే, అయిపోయింది. రీల్స్, షార్ట్స్ లేని రోజుల్లోనే అది ఊరూరా తిరిగింది.

అటువైపు మైక్రోసాఫ్ట్ గేమింగ్ హెడ్ డాన్ మ్యాట్రిక్ ఒక ఇంటర్వ్యూలో మంటలో పెట్రోల్ పోశారు. నెట్ లేనివాళ్ల సంగతేంటి అని అడిగితే, వాళ్ల కోసం ఎక్స్‌బాక్స్ 360 ఉంది కదా అన్నారు. కొత్త కన్సోల్ గురించి అడిగితే పాతది కొనుక్కోమని సలహా! అణు జలాంతర్గామిలో పనిచేసే ఒక గేమర్ కామెంట్ చదివానని, అతని బాధ అర్థమైందని కూడా ఆయనే చెప్పారు. కాకపోతే అర్థమైందన్నదే తప్ప ఆ జలాంతర్గామి మనిషికి దారి మాత్రం చూపించలేదు.

జూన్ 19న మైక్రోసాఫ్ట్ రూల్ ఎత్తేసింది. మొదటిసారి సెటప్‌కి ఒక్కసారి నెట్ ఉంటే చాలు, తర్వాత డిస్క్ వేసుకుని ఎన్నాళ్లైనా ఆఫ్‌లైన్‌లో ఆడుకోవచ్చంది. జులైలో మ్యాట్రిక్ కంపెనీ వదిలి జింగాకి వెళ్లిపోయారు. ఆ తరంలో పీఎస్4 మొత్తం 11 కోట్లకు పైగా అమ్ముడైంది. ఎక్స్‌బాక్స్ వన్ ఎన్ని అమ్ముడయ్యాయో మైక్రోసాఫ్ట్ కొన్నాళ్లకి చెప్పడమే మానేసింది. కారణం ఈ రూల్ ఒక్కటే అనలేం. ధర ఉంది, గేమ్స్ ఉన్నాయి. కానీ మొదటి అభిప్రాయం అక్కడే చెడింది.

రూల్‌తో పాటు పోయినవి కూడా ఉన్నాయి. కుటుంబంలో 10 మంది వరకు ఒకరి గేమ్స్ లైబ్రరీని ఇంకొకరు వాడుకునే ఫ్యామిలీ షేరింగ్ ప్లాన్ వాటిలో ఒకటి. దుబాయ్‌లో ఉన్న అన్నయ్య కొన్న గేమ్‌ని రాజమండ్రిలో తమ్ముడు ఆడటం లాంటిదన్నమాట. అది రద్దయింది. డిస్క్ లేకుండా ఆడే సౌకర్యమూ పోయింది. నెట్ తప్పనిసరి అన్నవాళ్ల దగ్గర వాదన లేకపోలేదు అని చెప్పడానికే ఇదంతా.

మన దగ్గర అయితే ఏమయ్యేది?

ఆ ప్లాన్‌లో మొదట కన్సోల్ విడుదల కావాల్సిన దేశాలు 21. అందులో ఇండియా లేదు. బయటి నుంచి తెప్పించుకున్నా లాభం ఉండేది కాదు. ఆ 21 దేశాల్లో తప్ప ఇంకెక్కడా చెక్ నడవదు మరి. ఇంకో సంగతి.. బ్రాడ్‌బ్యాండ్ స్పీడ్ 1.5 ఎంబీపీఎస్ ఉంటే మంచిదని మైక్రోసాఫ్ట్ సూచించింది. అదే 2013 జులై దాకా మన దేశంలో 256 కేబీపీఎస్ వస్తే చాలు, సర్కారు లెక్కలో అది బ్రాడ్‌బ్యాండే! ఆ నెలలోనే దాన్ని 512 కేబీపీఎస్‌కి పెంచారు.

చివరికి 2014 సెప్టెంబర్ 23న ఎక్స్‌బాక్స్ వన్ ఇండియాకి వచ్చింది. సరిగ్గా 19 రోజులకి, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, నెట్ పోయింది. కరెంటే లేనప్పుడు కన్సోల్ గోల ఎందుకంటారా? నిజమే. కానీ కరెంటు లేకపోతే ఇన్వర్టర్ ఉంటుంది, అపార్ట్‌మెంట్‌కి జనరేటర్ ఉంటుంది. సర్వర్‌కి సమాధానం చెప్పే జనరేటర్ ఏ షాపులోనూ దొరకదు.

తుఫానే రానక్కర్లేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో చాలాచోట్ల వారానికి పైగా మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆగిన 4జీ మళ్లీ 2021 ఫిబ్రవరికి గానీ రాలేదు. అంటే ఏడాదిన్నర. అలాంటి చోట 24 గంటల చెక్ ఉన్న కన్సోల్‌ని ఏం చేసుకోవాలి? టీవీ పక్కన షోకేస్‌లో పెట్టుకోవాలి.

మీ నెట్ బాగున్నా.. వాళ్ల సర్వర్ బాగుండాలిగా!

ఇప్పుడు 5జీ వచ్చింది, ఊళ్లలో కూడా ఫైబర్ ఉంది, ఇంకా ఈ బాధ ఎవరికి అనుకోవచ్చు. అయితే తీగకి రెండు చివరలుంటాయి. ఒకటి మీ ఇంట్లో, రెండోది కంపెనీ దగ్గర.

2011 ఏప్రిల్ 20న హ్యాకింగ్ వల్ల సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ మూతపడింది. 7.7 కోట్ల అకౌంట్ల సమాచారం ప్రమాదంలో పడింది. సర్వీస్ మళ్లీ మొదలవడానికి మూడు వారాలు దాటింది. 2014 క్రిస్మస్ రోజు సోనీ, మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్‌లు రెండింటినీ హ్యాకర్లు ఒకేసారి కూల్చారు. పిల్లలు గిఫ్ట్ ప్యాకెట్లు విప్పే రోజే. 2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ దాదాపు 24 గంటలు పడిపోయింది. సారీ చెప్పి, పీఎస్ ప్లస్ మెంబర్లకి 5 రోజులు అదనంగా ఇచ్చారు.

ఇలాంటప్పుడు డిస్క్ గేమ్ ఆడుకునేవాళ్లకి ఢోకా లేదు. కానీ గేమ్‌నే ఆన్‌లైన్‌కి కట్టేస్తే? 2012లో డయాబ్లో 3 వచ్చిన రోజు జనం ఆడింది తక్కువ, 'ఎర్రర్ 37' చూసింది ఎక్కువ. 2013 మార్చిలో సిమ్‌సిటీదీ అదే పరిస్థితి. ఊరు కట్టుకునే గేమ్ అది, ఒక్కరూ కూర్చుని ఆడుకోవచ్చు. సర్వర్లు తట్టుకోలేక రోజుల తరబడి సతాయించింది. ఆఫ్‌లైన్ కుదరనే కుదరదు, గేమ్ అలా తయారైంది అన్నారు. ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, ఆఫ్‌లైన్ మోడ్ వచ్చింది. కుదరనిది ఎలా కుదిరిందో వాళ్లకే తెలియాలి.

అసలు ట్విస్ట్ 2022 మార్చిలో. గ్రాన్ టురిస్మో 7 అనే కార్ రేసింగ్ గేమ్. ఒక్కరే ఆడే క్యాంపెయిన్‌కి కూడా నెట్ కావాలి. ఒక అప్‌డేట్ తేడా కొట్టి 30 గంటలకు పైగా సర్వర్లు ఆగాయి. డిస్క్ కొన్నవాళ్లు కూడా ఆ క్యాంపెయిన్ ఆడలేకపోయారు. ఇంతకీ ఆ గేమ్ ఎవరిదో తెలుసా? సోనీది. తొమ్మిదేళ్ల కింద అర నిమిషం వీడియోతో అవతలివాళ్లని ఆటపట్టించిన సోనీదే.

సర్వర్ శాశ్వతంగా ఆపేస్తే?

పబ్జీ ఆడినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్ ఉంది. అప్పటికే ఫోన్లో ఉన్నవాళ్లు ఇంకొన్నాళ్లు ఆడారు. అక్టోబర్ 30న సర్వర్లు ఆపేశారు. ఫోన్లో ఫైల్ అలాగే ఉంది, గేమ్ మాత్రం లేదు. అది ఉచిత గేమ్, పైగా వంద మంది కలిసి ఆడేది. సర్వర్ లేకుండా నడిపే దారి లేదు. ఆ లెక్క వేరు.

మరి డబ్బు పెట్టి కొన్నదైతే? 2014లో యుబిసాఫ్ట్ 'ది క్రూ' అనే కార్ గేమ్ తెచ్చింది. డిస్క్‌ల మీద అమ్మింది. అమెరికా మ్యాప్ అంతా ఒక్కరే తిరుగుతూ ఆడుకోవచ్చు, కాకపోతే నెట్ ఉండాలి. 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. ఆ రోజుతో ప్రపంచంలో ఉన్న ప్రతి 'ది క్రూ' డిస్క్ టీ కప్పు కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయింది. కాలిఫోర్నియాలో ఇద్దరు కోర్టుకెక్కారు. మీరు కొన్నది గేమ్ కాదు, వాడుకునే లైసెన్స్ మాత్రమే అన్నది కంపెనీ వాదన.

ఈ గేమ్ నుంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. సర్వర్లు ఆపేసినా గేమ్ ఏదో ఒక రూపంలో ఆడుకునేలా వదిలి వెళ్లాలన్నది వాళ్ల డిమాండ్. 2025 జులైలో యూరప్‌లో వాళ్ల పిటిషన్‌కి 10 లక్షల సంతకాలు దాటాయి. కాలిఫోర్నియా ఇంకో దారి పట్టింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ గేమ్‌కి 'కొనండి' అని బటన్ పెడితే, ఇది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలి. ఇంటర్నెట్ లేకుండా ఎప్పటికీ వాడుకునేలా డౌన్‌లోడ్ చేసుకోగలిగితే మాత్రం ఈ రూల్ వర్తించదు. సొంతం అంటే ఆఫ్‌లైన్‌లో పనిచేసేది అని చట్టమే గీత గీసినట్టు! ఒత్తిడి పనిచేసింది కూడా. 'ది క్రూ 2'కి ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని యుబిసాఫ్ట్ 2024లోనే ప్రకటించాల్సి వచ్చింది.

చప్పుడు లేకుండా వస్తున్న రూల్స్

రోజుకోసారి చెక్ పెడతాం అని మళ్లీ ఏ కంపెనీ స్టేజ్ మీద చెప్పలేదు. బదులుగా చిన్న చిన్నగా వచ్చాయి. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో పాత ఎక్స్‌బాక్స్ వన్ డిస్క్ మొదటిసారి వేయాలంటే నెట్ కావాల్సి వచ్చేది. గోల జరిగాక 2022లో తీసేశారు. 2023లో వచ్చిన సన్నటి పీఎస్5కి డిస్క్ డ్రైవ్‌ని విడిగా కొని తగిలించుకోవచ్చు. అయితే ఆ డ్రైవ్‌ని కన్సోల్‌తో జత చేయడానికి ఒకసారి నెట్ ఉండాలి. 2025లో నింటెండో స్విచ్ 2తో వచ్చిన 'గేమ్ కీ కార్డు'ల్లో గేమే ఉండదు. కార్డు పెట్టాక నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి. తర్వాత ఆడేటప్పుడు కార్డు ఉంటే చాలు, నెట్ అక్కర్లేదు.

వీటన్నింటినీ ఒకే గాటన కట్టడం మాత్రం సరికాదు. నలుగురితో కలిసి ఆడే గేమ్‌కి నెట్ అడిగితే ఎవరూ కాదనరు. నెలకింత అని కట్టి ఆడే గేమ్ పాస్ లాంటి సబ్‌స్క్రిప్షన్లలో డబ్బు కట్టారో లేదో చూసుకోవడం న్యాయమే. మొదటి రోజు ఒక్కసారి కనెక్ట్ అవ్వమంటే విసుగే గానీ భరించొచ్చు. పూర్తి ధర పెట్టి కొన్న, ఒక్కరే ఆడుకునే గేమ్‌కి రోజూ పర్మిషన్ అడగాలనడమే కుదరని మాట. పైరసీ కోసం అంటారు. పీఎస్2 రోజుల్లో మన దగ్గర కాపీ డిస్క్‌ల రాజ్యం ఎలా నడిచిందో అందరికీ తెలుసు కాబట్టి ఆ భయం ఉత్తిది కాదు. కానీ పీఎస్4 రోజువారీ చెక్ లేకుండానే 11 కోట్లు దాటి అమ్ముడైంది, దానికి గేమ్స్ చేసినవాళ్లూ బతికారు.

కొనేముందు, కొన్నాక.. ఇవి చూసుకోండి

గేమ్ బాక్స్ మీద, ఆన్‌లైన్ స్టోర్ పేజీలో 'ఇంటర్నెట్ తప్పనిసరి' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ధర కంటే ముందు అది చదవాలి. డిస్క్ ఉంది కదా అని ధీమా పడొద్దు. 'ది క్రూ'కీ డిస్క్ ఉంది.

డిజిటల్ గేమ్స్ కొనేవాళ్లు పీఎస్5లో 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఒక అకౌంట్‌కి ఒక్క పీఎస్5లోనే అది ఆన్ అవుతుంది. ఎక్స్‌బాక్స్‌లో దీన్నే 'మై హోమ్ ఎక్స్‌బాక్స్' అంటారు. ఏడాదికి 5 సార్లే మార్చుకోవచ్చు. ఇది సెట్ చేయకపోతే ఇంట్లో కన్సోల్ కూడా పరాయి కన్సోల్ కిందే లెక్క, నెట్ పోగానే డిజిటల్ గేమ్స్‌కి తాళం పడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కన్సోల్ కొన్నవాళ్లు, పాత ఓనర్ అకౌంట్‌తోనే ఆడేస్తున్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అతను ఇంకో కన్సోల్‌లో ఈ సెట్టింగ్ ఆన్ చేసుకున్నాడా, ఇక్కడ ఆఫ్ అయిపోతుంది.

అన్నింటికంటే తేలికైన పరీక్ష ఇంకోటి ఉంది. కన్సోల్ కొన్న వారంలోనే ఒక సాయంత్రం రూటర్ స్విచ్ ఆపేసి, ఉన్న గేమ్స్ అన్నీ ఒక్కొక్కటిగా ఓపెన్ చేసి చూడటం. ఏవి తెరుచుకున్నాయో అవే ఆఫ్‌లైన్‌లో మీవి. తెరుచుకోనివి ఏవో రాసి పెట్టుకుంటే, వానాకాలంలో ఊళ్లో కేబుల్ తెగినప్పుడు పిల్లలకి ఏ డిస్క్ ఇవ్వాలో వెతుక్కోనక్కర్లేదు.